అరవై నాలుగో పేజీ

విజయవాడ,
14-6-1981.

సుగుణా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నా కోపం సంగతి తేలాలి.

మా అన్న రాయమల్లు కార్డు రాశాడు. ఆదివారం ఆదివారం ఖిలా వరంగల్‌కు వెళ్లి మా అవ్వకు నా నవల చదివి వినిపిస్తానని నువ్వే అన్నావు. నేను అడగలేదు. "అక్షరం రాని తల్లి, కన్నకూతురు రాసిన పుస్తకం చెవినైనా పడకపోతే ఎట్లా" అని పెద్ద మాటలు చెప్పి మరీ మొదలుపెట్టావు. ఇప్పుడేమో ఒకరోజు చదువుతూ చదువుతూ ఠక్కున పుస్తకం మూసి, తలనొప్పని లేచి వెళ్లావట. ఆ తర్వాత అటు తొంగి చూడలేదట. అవ్వ ఆకుకూర కట్టలు కట్టుకుంటూ గడపలో కూర్చుని నీకోసం చూస్తోందట. "సుగుణ బిడ్డకు పానం బాగలేదా, నా బిడ్డ బుక్కు బాగలేదా? ఏదో ఒకటి చెప్పుమను" అందట.

నేనూ అదే అడుగుతున్నాను. హాస్టల్లో డిగ్రీ అయ్యేదాకా ఒకే గదిలో ఉన్నాం. పల్లీల పొట్లం విప్పితే ఆ కాగితం కూడా రెండు వైపులా చదివితే గాని పారేసేదానివి కాదు. అలాంటిదానికి నా పుస్తకం దగ్గరే తలనొప్పి వచ్చిందా?

సీరియల్‌గా వచ్చినప్పుడు చదివినవాళ్లు ఇంకా ఉత్తరాలు రాస్తున్నారు. మొన్న గుడివాడ నుంచి ఒకావిడ, వంట మాడిపోయినా లేవకుండా చదివానని రాసింది. దసరాకు రెండో ముద్రణ. ఊరూపేరూ తెలియనివాళ్లు చదివారు. ఏ చెలక గురించి రాశానో, ఏ తల్లి గురించి రాశానో తెలిసినదానివి, నువ్వు మాత్రం చదవలేవు!

ఎక్కడ ఆపావు? ఎందుకు ఆపావు? రెండే ప్రశ్నలు. చరిత్ర లెక్చరరువి కదా, జవాబు సూటిగా రాయి.

సరస్వతి


హన్మకొండ,
25-6-1981.

సరస్వతికి,

తలనొప్పి అబద్ధం కాదు. సప్లిమెంటరీ పేపర్లు దిద్దుతున్నాను, కళ్లు లాగుతున్నాయి. అద్దాలు మార్చాలన్నాడు డాక్టరు.

అరవై నాలుగో పేజీలో ఆపాను.

నేను పుస్తకాలు వదలనన్న మాట నీకు గుర్తుంది గాని, ఇన్నేళ్లలో నేను మారాను. విసుగొచ్చిన పుస్తకాన్ని ఇప్పుడు నిర్మొహమాటంగా వదిలేస్తాను. మిగిలిన ఆయుష్షుకు సరిపోయేవి చదివితే చాలు. కోపమొచ్చిన పుస్తకాన్ని మాత్రం వదలను. కోపం తెప్పించిందంటే దానికి నాతో ఏదో పని ఉన్నట్టే కదా, ఆ పనేదో తేలేదాకా ఉండాలి అనుకుంటాను. ఇది సరైన పద్ధతో కాదో నాకు తెలియదు. ఒక్కోసారి ఇది కూడా నేను నాకు చెప్పుకునే సాకేమో అనిపిస్తుంది.

నీ పుస్తకం విసుగు పుట్టించలేదు. అంతవరకు చెప్పగలను. అవ్వ దగ్గరికి త్వరలో వెళతాను. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మీ ఆయనకు, చిన్నదానికి నా ఆశీస్సులు.

సుగుణ


విజయవాడ,
1-7-1981.

సుగుణా,

"అంతవరకు చెప్పగలను" అట! కోర్టులో సాక్షివా నువ్వు?

విసుగు రాలేదు. కోపమొస్తే వదలవు. మరి నా పుస్తకం ఏ లెక్కన వదిలావు? నీ సూత్రం నువ్వే రాసి, దాని కిందే నువ్వు దొరికిపోయావు, చూసుకున్నావా?

నేనే చెప్పనా? హాస్టల్లో కథలు రాసింది నువ్వు. మ్యాగజైనులో అచ్చయింది నీ పేరు. నేను నీ కథలకు ఫెయిర్ కాపీ రాసిపెట్టేదాన్ని. రైల్వే గుమాస్తా పెళ్లాం, ఆకుకూరలమ్మే మొగిలమ్మ బిడ్డ నవల రాసింది, నువ్వేమో ఎర్రసిరా బుడ్డి ముందేసుకుని కూర్చున్నావు. అదేనా తలనొప్పి? అదైతే అదని రాయి, ఏమీ అనుకోను. అనుకుంటాను, అయినా రాయి.

ఏం నచ్చలేదో చెప్పు. చెప్పలేకపోతే నోరు మూసుకుని మిగతాది మా అవ్వకు చదివిపెట్టు. అద్దాల కథలు నాకు వద్దు.

సరస్వతి


హన్మకొండ,
9-7-1981.

సరస్వతీ,

అసూయ ఉంది. ఉండదని ఎందుకనుకున్నావు? పుస్తకం చేతికి రాగానే అట్ట మీద నీ పేరు చూసి మంచినీళ్లు తాగివచ్చి అప్పుడు తెరిచాను. అయితే అసూయ నాచేత పుస్తకాన్ని ఆత్రంగా చదివించింది, మూయించలేదు. మూయించింది ఏమిటో నువ్వడిగావు కనుక రాస్తున్నాను. చించి పారేసినా సరే, చివరిదాకా చదివి చించు.

మొదటి ఆదివారం మొదటి పేజీ తెరిచాను. అవ్వ చేతులు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. "అమ్మమ్మ చెలకలో మట్టిగడ్డలు పగలగొడుతోంది" అని ఉంది. అచ్చుతప్పనుకున్నాను. "అవ్వ" అని చదివాను. కింద మళ్లీ అమ్మమ్మ. పేజీ తిప్పితే మళ్లీ. అప్పుడర్థమైంది. నీ పుస్తకంలో ఎక్కడా అవ్వ లేదు. మన దగ్గర అవ్వంటే కన్నతల్లి. అక్కడివాళ్ల చెవికి ముసలమ్మ. ఎవరో పెద్దమనిషి నీకు సాయం చేశాడు.

వారం వారం ఆమె ఎదురుగా కూర్చుని "అమ్మమ్మ" ఉన్నచోటల్లా "అవ్వ" అని చదివాను. గోంగూరను పుంటికూర చేశాను. "అమ్మాయీ, చీకటిపడింది, లోపలికి రా" అని ఉంటే "ఓ పిల్లా, పొద్దుగూకింది, ఇంట్లకు రా" అని చదివాను. నీ పుస్తకంలో మన మాట మాట్లాడేవాడు జీతగాడు పోశయ్య ఒక్కడే. వాడు నోరు తెరిస్తే పక్కనున్నవాళ్లు నవ్వుతారు. వాణ్ణి మాత్రం ఉన్నదున్నట్టు చదివాను. అవ్వ ఏమందో తెలుసా? "పోశిగాడొక్కడే మంచిగ మాట్లాడుతాండు బిడ్డా. మిగిలినోళ్లకు ఏమొచ్చింది, అంత సినిమాల లెక్క మాట్లాడుతాండ్లు?" మాటలు మార్చగలిగాను గాని, వాక్యాల నడకను ఎక్కడికని మార్చను?

అయినా చదివాను. కోపంతోనే చదివాను. అరవై నాలుగో పేజీలో నీ నాయిక హాస్టలుకు వస్తుంది. గదిలో ఉన్న పిల్ల "మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడుగుతుంది. ఆ పిల్లను నేనే. అవ్వ గుర్తుపట్టింది. చేతిలో ఆకుకూర కట్ట పక్కన పెట్టి ముందుకు వంగింది. "ఆఁ, ఇగ దోస్తుకు నా సంగతి చెప్తది. ఏమన్నది, ఏమన్నది?"

నీ నాయిక ఏమన్నదో నీకు తెలుసు కదా. "మా అమ్మ నా పసితనంలోనే పోయింది. అమ్మమ్మే నన్ను పెంచింది."

ఆమె కళ్లు నా ముఖం మీద ఉన్నాయి. ఒక్కటి, ఏదో ఒక్కటి కల్పించి చదివితే సరిపోయేది. అన్ని వారాలు కల్పించినదాన్ని. పుస్తకం మూసేశాను. తలనొప్పి అవ్వా అని లేచి వచ్చాను. మట్టికోట దాటి రోడ్డెక్కేదాకా కోపంతో నిన్ను తిట్టుకుంటూనే నడిచాను.

ఎవరు చేశారు ఆ పని? పత్రికవాడా, ప్రచురణకర్తా? నీకు తెలియకుండా జరిగిందని ఒక్క మాట రాయి. నమ్ముతాను.

సుగుణ


విజయవాడ,
20-7-1981.

సుగుణా,

నాకు తెలిసే జరిగింది. ఆ వాక్యం నేనే రాశాను.

సీరియల్ మొదలయ్యే ముందు పత్రిక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "అవ్వ అనగా ముసలామె గదా. పదహారేళ్ల పిల్లను అవ్వ కన్నట్టు ఉంటే పాఠకులు గందరగోళపడతారు. అమ్మమ్మ అని మార్చాము. మరి తల్లి ఏమైందో తెలిసేలా ఒక వాక్యం రాసి వెంటనే పంపగలరు." ఎంతో మర్యాదగా రాశారు. నేను వెంటనే పంపాను. ఒక కార్డు మీద. నువ్వనుకుంటున్నట్టు ఏ రాక్షసుడూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

ఇప్పుడు నువ్వు విను. ఈ ఊళ్లో నేను వచ్చిన కొత్తలో మార్కెట్లో "ఎంతకిస్తవ్" అంటే కొట్టువాడు పక్కవాణ్ణి పిలిచి మళ్లీ అనిపించాడు. నాటకం చూసినట్టు చూశారు. అద్దింటివాళ్ల పిల్లలు నా వెనక నడుస్తూ "గట్లనా, గిట్లనా" అని పాడేవాళ్లు. నా కూతురే, "అమ్మా, మా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు నువ్వు ఎక్కువ మాట్లాడకు" అంది. అన్నం కలుపుతూ విన్నాను ఆ మాట. ఆ కూతురికి మొగిలమ్మ అమ్మమ్మే కదా! దానితో మాట్లాడేటప్పుడు నేనూ అమ్మమ్మ అనే అంటాను. అంటే మా ఇంట్లో అవ్వ అన్న మాట ఎప్పుడో పోయింది. నవల్లో పోయిందని ఏడుస్తావేం?

నువ్వు హన్మకొండ వదల్లేదు. నీకు పరీక్ష రాలేదు, పాసయ్యానంటున్నావు. అవునా? నీ పిల్లలు "రాజు యుద్ధంల సచ్చిపోయిండు" అని రాస్తే ఎర్రసిరాతో "యుద్ధంలో మరణించాడు" అని దిద్దవూ? ఎన్ని వేలమంది నోళ్లు దిద్ది ఉంటావు ఈ పాటికి? నేను ఒక్క మాట దిద్దుకున్నాను. నువ్వు జీతం తీసుకుని దిద్దుతున్నావు.

ఇన్ని వారాలు మార్చి చదివావు కదా, ఆ ఒక్క వాక్యం దాటేసి చదువు. ఆమెకేం తెలుస్తుంది? ఆమె సంతోషపడుతుంది. నీ నీతి కోసం ఆమె సంతోషం చెడగొట్టకు.

సరస్వతి


హన్మకొండ,
4-8-1981.

సరస్వతీ,

దిద్దుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజు కూడా దిద్దాను. "పోయిండు" కింద గీత గీసి, ఆ గీత చూస్తూ కూర్చున్నాను. మార్కు మాత్రం తగ్గించలేదు. తగ్గించనందుకు గర్వపడి, మళ్లీ ఆ గర్వానికి సిగ్గుపడ్డాను. నాకంటే నువ్వు పాపిష్టిదానివని నేనెప్పుడూ అనలేదు. అయితే నా ఎర్రసిరా తప్పయితే నీ కార్డు ఒప్పవుతుందా? నన్ను దోషిని చేస్తే అవ్వ లేచి కూర్చుంటుందా పుస్తకంలో?

దాటేసి చదవమన్నావు. చదవను. నువ్వు ఒకసారి మార్చావు, నేను రెండోసారి మార్చను.

అయినా ఆ అవసరం లేకుండా పోయింది. నిన్న ఖిలాకు వెళ్లాను. గడపలో అవ్వ, పక్కింటి సమ్మమ్మ, అరుగు మీద తల వంచుకుని రాయమల్లు. చూడగానే అర్థమైంది. నేను రావడం లేదని అవ్వ మీ అన్నను కూర్చోబెట్టి చదవమందట. అతను మిల్లు నుంచి వచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, నేను అక్కడే వదిలేసి వచ్చిన పుస్తకంలో ఆకు గుర్తు ఉన్న చోటి నుంచే మొదలుపెట్టాడు. ఏం చదువుతున్నాడో వాక్యం పూర్తయ్యేదాకా అతనికే తెలియదు పాపం.

"దా, సుగుణా, దా," అంది నన్ను చూసి. "సచ్చినోళ్ల ఇంటికి మాట్లాడిచ్చి పోను అచ్చినవా?"

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "నేను నిన్నటి సంది అడుగుతాన, పీనుగుకు తానం ఎవలు పోసిండ్లు మొగిలీ అని."

"నువ్వు ఊకో," అని దాన్ని కసిరి, నన్ను ఉత్తరం రాయమంది నీకు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"సరుసతీ. నేను సచ్చిపోయిన్నని మీ అన్న సదివిండు. మంచిదే. ఎన్నడు సచ్చిన్నో రాయలేదు, ఏం రోగమచ్చి సచ్చిన్నో రాయలేదు. మరి సచ్చిన మూడొద్దులకు పిట్టకు కూడు పెట్టినవా? ఏం పెట్టినవ్? నాకిష్టమైంది పెట్టినవా, నీకు తోచింది పెట్టినవా? దినాలకు ఎవలెవలను పిలిసినవ్? మీ అన్నకన్న చెప్పినవా, ఆనికి గూడ బుక్కుల సదివితెనే ఎరుకాయె. నువ్వు ఇప్పుడు పెట్టినా పిట్ట ముట్టది. నేను ముట్టనియ్య.

ఇంకోటి చెప్తాన, ఇను. నేను నీ పసితనంలనే పోతె, నువ్వు కాలేజి సదివినన్ని ఏండ్లు నెత్తిన బుట్ట పెట్టుకోని వరంగల్లు గల్లి గల్లి తిరిగింది ఎవలు? గా ముసల్దా? దానికి నా బుట్ట ఎవలిచ్చిండ్లు? నా బుట్ట, నా చెలక, నా బిడ్డ అన్ని దానికిచ్చి నన్ను మాత్రం మట్టి జేసినవ్. గంత బరువైన్నా నీకు?

మోకాళ్లకు నువ్వు పంపిన నూనె అయిపోయింది. సచ్చినా నొస్తానయి. జర పంపు."

ఇదంతా చెబుతున్నంతసేపు ఆమె చేతులు ఆగలేదు. కట్ట మీద కట్ట కడుతూనే ఉంది. అన్నీ వదులుగా కట్టింది. సమ్మమ్మ వాటిని విప్పి మళ్లీ బిగించింది.

సుగుణ


విజయవాడ,
23-8-1981.

సుగుణా,

ఆ ఉత్తరం నా కూతురు పెద్దగా చదవబోయింది. లాక్కున్నాను. లాక్కుని, వంటింట్లో నిలబడి నేనే పెద్దగా చదివాను. అది గుమ్మంలో నిలబడి విని, "అమ్మమ్మ నిజంగా ఇట్లాగే మాట్లాడుతుందా?" అంది. అవునన్నాను. నేను కూడా ఇట్లాగే మాట్లాడేదాన్నన్నాను.

మర్నాడు ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాను. రెండో ముద్రణ ఫారాలన్నీ అచ్చయిపోయాయట, కుట్టడమే ఆలస్యమట. "ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమేమిటండీ, పాఠకులు ఏడుస్తున్నారు కదా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసేసరికి నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "ఏంది నువ్వు నవ్వేది? మా అవ్వను నేను సంపుకున్న. నేనే బతికిచ్చుకుంట. నడుమ నీదేం పోయింది?" కంపోజింగు గదిలో అక్షరాలు పేర్చేవాళ్లు చేతులాపి చూశారు. ఒకడు నవ్వాడు కూడా. నవ్వనియ్యి. ఇన్నేళ్లూ ఆ నవ్వుకే భయపడ్డాను, వచ్చాక చూస్తే దానికంటే నా కోపమే పెద్దగా ఉంది.

ఫారాలు మార్చనన్నాడు. పుస్తకంలో తప్పొప్పుల చీటీ పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నాడు. అది కంపోజు చేసేదాకా అక్కడే నిలబడ్డాను. "అవ్వ అనగా తల్లి" అన్నది తీసేద్దాం, ఎబ్బెట్టుగా ఉందన్నాడు. తియ్యనివ్వలేదు. చీటీ ఇదే:

తప్పొప్పులు
అమ్మమ్మ అని ఉన్న ప్రతిచోటా అవ్వ అని చదువుకోవలెను. అవ్వ అనగా తల్లి.
64వ పేజీలో తల్లి మరణించినట్లున్న వాక్యమును తొలగించి చదువుకోవలెను. ఆమె బతికే ఉన్నది.

ఇంతే చేయగలిగాను. ఇది చాలదని నాకు తెలుసు, నువ్వు ఉత్తరం రాసి చెప్పనక్కర్లేదు. పోశయ్య సంగతికి ఏ చీటీ సరిపోతుంది? అది కొత్తగా రాస్తేనే గాని తీరదు.

నీ మీద కోపం మాత్రం పోలేదు. అరవై నాలుగో పేజీలో చూసిన సంగతి మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే, రాయమల్లు నోటి నుంచి ఆమె వినేది కాదు. నువ్వు అద్దాలు, ఆయుష్షు అని వ్యాసం రాశావు. అది నేను మరిచిపోను.

నూనె నీ పేరునే పార్సెల్ చేశాను, అచ్చయిన చీటీ ఒకటి అందులో పెట్టాను. రెండూ నువ్వే తీసుకెళ్లు. కొట్టినా తిట్టినా నాకు రాయి.

సరస్వతి


హన్మకొండ,
7-9-1981.

సరస్వతీ,

నీ కోపం న్యాయమే. నేను ముందే చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వేమంటావోనన్న భయం కంటే, చెప్పకుండా నీ మీద ఒంటరిగా కోపంగా ఉండడం నాకు హాయిగా ఉండింది. అదీ అసలు సంగతి.

ఆదివారం వెళ్లాను. ముందు నూనె సీసా ఇచ్చాను. మూత తీసి వాసన చూసి, "ఇది మంచిదే పంపింది" అని పక్కన పెట్టింది. తర్వాత చీటీ చదివాను. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతనే ఉన్నది. గీంతతోటి నేను బతికినట్టేనా?"

"అచ్చులో ఇంతే కుదిరిందట అవ్వా."

"అవ్వంటె తల్లి అని గూడ చెప్పాల్నా గాళ్లకు? ఎరుకలేదా? గంత సదువుకున్నోళ్లు!" అని, ఇక ఆ కోపమంతా వాళ్ల మీద తీర్చుకుంది. విజయవాడలో ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా ఎరిగినట్టు తిట్టింది. సమ్మమ్మ మధ్యలో అందుకుని తానూ నాలుగు తిట్టింది. నీ వంతు వచ్చేసరికి మాత్రం అవ్వ ఆగి, "దాన్ని నేను తిడుత, నువ్వు తిట్టకు" అని సమ్మమ్మ నోరు మూయించింది.

తర్వాత లోపలికి వెళ్లి అన్నం గంజులోంచి నాలుగు మెతుకులు తెచ్చింది. ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. మెతుకులు చిదిమి రాసి, చీటీని సరిగ్గా దాని మీద అంటించి, అరచేత్తో గట్టిగా అదిమింది. కింది రెండు లైన్లు కూడా మూసుకుపోయాయి. చెప్పాను. "పోతె పోనియ్యి" అంది.

నేనప్పుడు నాకు తోచింది ఆమెతో అన్నాను. నీకూ దాచకుండా రాస్తున్నాను. ఈ పుస్తకాన్ని ఇక్కడితో వదిలేద్దాం అవ్వా, అన్నాను. చీటీ ఒక్క పేజీకే అంటుతుంది, ముందున్న పేజీల నిండా ఆ అమ్మమ్మే ఉంది, నేను మళ్లీ నోటితో దిద్దుకుంటూ పోవాలి. ఎక్కడ ఏముందో నాకు తెలియదు, నాకు ధైర్యం లేదు, నీ బిడ్డ కొత్తగా రాసినప్పుడు విందాం అన్నాను. వదిలేయడం తప్పు కాదని ఆమెకు నచ్చజెప్పబోయాను. ఎవరికి నచ్చజెబుతున్నానో నాకే తెలియలేదు.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెవలే వదిలిపెట్టను? నీ బిడ్డ రాసిందా? ముసల్దుంటె ఉండనియ్యి, నువ్వు ఉన్నదున్నట్టు సదువు, యాడ నేనో యాడ అదో నేను ఏరుకుంట." పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. కట్టలు దగ్గరికి లాక్కుంది. "సదువు. మల్ల యాడనన్న నన్ను సంపిందనుకో, అక్కడ ఆపు."

సుగుణ